విడిభాగాల యూనిట్ పెడుతున్న మేనల్లుడికి

చిన్నా,

రైల్వే పార్టుల యూనిట్ పెడుతున్నావని, పైగా విదేశాలకే పంపుతానంటున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

కలలు కంటున్నావని అననులే. 1967లోనే పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్ థాయిలాండ్‌కు బోగీలు, అంటే పెట్టె కింద చక్రాలుండే చట్రాలు, పంపింది. 1976లో వారణాసి డీజిల్ ఇంజన్లు టాంజానియా వెళ్ళాయి. మన శ్రీసిటీలో చేసిన మెట్రో పెట్టెలు సిడ్నీలో తిరుగుతున్నాయి. బీహార్ మర్హౌరా నుంచి ఇంజన్లు గినీకి ఓడెక్కుతున్నాయి. ఇంజను ఇక్కడ బిగించి లోపలి సామాను బయటినుంచి తెచ్చుకుంటే మనకు మిగిలేది కూలి డబ్బులే. కాబట్టి నీలాంటివాళ్ళు కావాలి.

ముందు మన రైల్వే పార్టులకు ప్రమాణాలు పెట్టే ఆర్డీఎస్ఓలో వెండర్‌గా, అంటే సరఫరాదారుగా, నమోదు చేసుకో. ఇక్కడ నడవని పార్టును బయటివాడు నమ్మడు. వెల్డింగ్ ఉంటే ఈఎన్ 15085 (రైలు వాహనాల వెల్డింగుకి యూరప్ ప్రమాణం) సర్టిఫికెట్ అడుగుతారు. డబ్బు రాదేమోనన్న టెన్షన్‌కి ప్రభుత్వ ఎగుమతి బీమా సంస్థ ఈసీజీసీ ఉంది. గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, చూసుకో: మనది 1676 మిల్లీమీటర్లు, మొజాంబిక్‌ది 1067, గినీ కొత్త లైనుది 1435. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇది తెలియదు. నేను పనిచేసిన ఒక కంపెనీ, పేరెందుకులే, ఓ ఆఫ్రికా దేశానికి బ్రేకు పార్టులు పంపింది. మధ్యలో డ్రాయింగులో ఉన్న సైజు రాడ్డు దొరకలేదు. ఓనరు కాస్త లావు రాడ్డు తెప్పించి, పిన్నులూ వాటికి తగ్గట్టు బుష్‌లూ (పిన్ను మీదికెక్కే గొట్టం ముక్కలు) చేయించేశాడు. కొనేవాళ్ళ మనిషి నోటిమాటగా సరేనన్నాడు. సరుకు వెళ్ళింది, చక్కగా నడిచింది. డ్రాయింగు మాత్రం ఎవరూ మార్చలేదు.

రెండేళ్ళకు విడి బుష్‌లు కావాలని చిన్న ఆర్డర్ వచ్చింది. పాత డ్రాయింగు ప్రకారమే చేసి పంపాం. వారాల తరబడి ఓడలో వెళ్ళిన సరుకులో ఒక్క బుష్ కూడా పిన్నుకి ఎక్కలేదు. అక్కడ రైలు పెట్టెలు షెడ్డులో ఆగిపోయాయి. ఓనరు ఏమన్నాడో తెలుసా? "ఆ చిల్లర ఆర్డర్‌కి ఇంత గొడవా!" రైలు పెట్టె పాతికేళ్ళకు పైగా తిరుగుతుంది నాయనా. అమ్మినవాడు మర్చిపోయినా, దాన్ని నడిపేవాడికి రోజూ ఆ బుష్‌తోనే పని. తర్వాతి టెండరులో అందరికన్నా తక్కువ ధర వేసినా మమ్మల్ని పిలవలేదు.

నువ్వు చిన్నప్పుడు సైకిల్ బ్రేకుకి బోల్టు దొరక్క మేకు వంచి బిగించినవాడివి! అందుకే నా భయం. ఆ చురుకు పోగొట్టుకోమనను, అదంటే నాకు ముద్దే. ఏం మార్చినా డ్రాయింగు రివిజన్ మార్చి, కొనేవాడి సంతకం వచ్చాకే మెషిన్ ఆన్ చెయ్యి. విడిభాగాల ఆర్డర్ ఎంత చిన్నదైనా నువ్వే చూడు.

ఇల్లు తాకట్టు పెడతానన్నావట. మొదటి బిల్లు డబ్బు చేతికొచ్చేదాకా ఆ కాగితాలు బీరువాలోంచి తియ్యకు. తక్కువ పడితే నన్నడుగు. మీ అత్తకు అప్పుడే చెప్పేశాను.

మావయ్య