అతను లేడు, చెల్లె మాట్లాడదు

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. నేను ప్రేమించినతను మొన్న ఎండాకాలం కట్టంగూరు దగ్గర హైవే మీద యాక్సిడెంటులో పోయాడు. ఆ తర్వాతే తెలిసింది, నల్లగొండలో డిగ్రీ చదివే మా చెల్లెకు కూడా పెళ్లి చేసుకుంటానని మాటిచ్చాడని. నీవల్లంటే నీవల్లని కొట్లాడి మాటలు బంద్ చేసుకున్నం. అమ్మానాయినకు ఏమీ తెలియదు. ఎంగిలిపూల బతుకమ్మకు ఇద్దరూ పోయి తంగేడు కోసుకురండి అంటోంది అమ్మ. ఆమెతో ఎట్లా పోవాలి?
– ఒక అక్క

జవాబు: పెత్రమాసనాడు వాళ్లింట్లో అతని పేరు మీద బియ్యం ఇస్తారు. చుట్టాలొచ్చి ఓదారుస్తారు. నిన్నూ చెల్లెనూ ఎవరు ఓదార్చాలమ్మా? అతనికి ఏమవుతారని చెప్పుకుని ఏడుస్తారు? నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే.

బతికుంటే గల్లా పట్టి అడిగేవాళ్లు. అడగడానికి మనిషి లేడు కాబట్టి నీ కోపం చెల్లె మీదికి, ఆమె కోపం నీ మీదికి మళ్లింది. రెండుచోట్లా మాటిచ్చింది అతనే. చెల్లె దగ్గర కూర్చుని "నా సంగతి నీకు తెలియదని నాకు తెలుసు" అని ఒక్కమాట చెప్పు. అంతకుమించి ఇప్పుడేం వద్దు. అతని మీద ప్రేమ, అసహ్యం ఒకే పూట వస్తాయి. రెండూ నిజమే, దేన్నీ దాచుకోకు.

ఫోన్లలో మెసేజులు మాత్రం పక్కపక్కన పెట్టి చూసుకోకండి. ఎవరికి ముందు చెప్పాడు, ఎవరిని ఎక్కువ ప్రేమించాడు అనే లెక్కకు అంతుండదు.

తంగేడుకు కలిసి పోలేకపోతే పోకండి. ఆమె పూలు తెస్తుంది, నువ్వు పేర్చు. "మా ఇద్దరికీ మాట తేడా వచ్చింది, కొన్నాళ్లు అడగకమ్మా" అని అమ్మతో అను, అది అబద్ధమేం కాదు. పూర్తి సంగతి చెప్పాలా వద్దా అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. చెల్లె ఒప్పుకోకుండా ఆమె పేరు ఎత్తకు.

ఒక్క సందర్భంలో ఈ మాట పక్కన పెట్టు. చెల్లె తిండీ నిద్రా మానేసినా, చావు మాటెత్తినా, ఎంత అలిగి ఉన్నా ఒంటరిగా వదలకు, వెంటనే అమ్మకు చెప్పు. మనసు బాగాలేనివాళ్లకు సాయం చేసే సర్కారు ఫోన్ సేవ టెలీమానస్ 14416కు రాత్రైనా పగలైనా ఫోన్ చేయొచ్చు, పైసలు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. నీకే అట్లాంటి ఆలోచన వచ్చినా ఆలస్యం చేయకు, ఇదే నంబరుకు చెయ్యి.