మీ ప్రశ్నలు: హిందూపురం – గౌరీబిదనూరు దారి

ప్రశ్న: టాటా ఏస్‌లో హిందూపురం నుంచి గౌరీబిదనూరుకు పట్టుగూళ్లు, అప్పుడప్పుడు పురిపెట్టిన నూలు తోలుతుంటాను. తూమకుంట దాటి కర్ణాటకలోకి వెళ్లాలంటే ఏ కాగితాలు ఉండాలి?

జవాబు: మొదట ఆర్సీలో స్థూల బరువు (బండి, సరుకు కలిపి అనుమతించిన మొత్తం బరువు) చూడండి. 3,000 కిలోలు మించని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. పర్మిట్ మినహాయింపు పన్ను మినహాయింపు కాదు. కర్ణాటక పన్ను వర్తిస్తుందేమో బయల్దేరే ముందే వాహన్ పోర్టల్‌లో (బండ్ల రిజిస్ట్రేషన్, పన్నుల ప్రభుత్వ వెబ్‌సైటు) చూసుకుని, ఉంటే అక్కడే కట్టి రసీదు బండిలో పెట్టుకోండి. బండి 3,000 కిలోలు దాటితే మాత్రం పర్మిట్ లేకుండా వెళ్లకండి. ప్రమాదం జరిగితే బీమా సంస్థ బాధితులకు పరిహారం కట్టి, ఆ సొమ్ము మీ దగ్గర రాబట్టుకోవచ్చు.

ఇక సరుకు సంగతి. పట్టుగూళ్లకు జీఎస్టీ లేదు, కాబట్టి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ పోర్టల్‌లో తీసే పత్రం) కూడా అక్కర్లేదు. పురిపెట్టిన నూలు అలా కాదు. విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు తప్పనిసరి. అదే నూలును అద్దకానికి జాబ్‌వర్క్ కింద (యజమాని తన సరుకు మీద వేరేవాళ్లతో కూలికి పని చేయించుకోవడం) సరిహద్దు దాటిస్తే విలువ ఎంత తక్కువైనా బిల్లు ఉండాల్సిందే. పట్టుబడేవాళ్లు ఎక్కువగా ఇక్కడే పట్టుబడతారు, ‘నలభై వేల సరుకేగా’ అనుకుని. 200 కిలోమీటర్ల లోపు దూరానికి బిల్లు మర్నాటి అర్ధరాత్రి దాకా చెల్లుతుంది. దారిలో బండి చెడి సరుకు వేరే బండికి మారిస్తే, కదిలే ముందే ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో కొత్త నంబరు ఎక్కించాలి. సరైన బిల్లు లేకుండా సరుకు ఆపితే, యజమాని ముందుకొచ్చినా పన్నుకు రెండింతలు జరిమానా.

ప్రశ్న: సరిహద్దు దగ్గర గుంతలు పూడ్చినా మళ్లీ పడుతున్నాయి. ఎవరికి చెప్పాలి?

జవాబు: దారి ఒకటే, యజమానులు ఇద్దరు. ఇటు మన ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ), అటు కర్ణాటక లోకోపయోగి శాఖ (అక్కడి పీడబ్ల్యూడీ). టెండర్లు వేరు, తారు వేసే ఏడాది వేరు. పాత పొర, కొత్త పొర కలిసే అతుకులోంచి నీళ్లు దిగి కింది కంకర వదులవుతుంది. పక్క కాలువ సరిహద్దు దగ్గర ఆగిపోయి ఉంటే ఇంకా తొందరగా చెడుతుంది. గుంత అంచులు నిలువుగా చతురస్రంగా కోసి, దుమ్ము ఊడ్చి, తారు ఎమల్షన్ పూసి, పొరలు పొరలుగా నింపి రోలరుతో తొక్కించాలి. తట్టెడు మిశ్రమం పోసి పారతో తట్టి వెళ్తే తొలి వానకే లేచిపోతుంది.

ఫిర్యాదులో ‘సరిహద్దు దగ్గర’ అని రాస్తే ఇద్దరూ పక్కవాడిదే అంటారు. ఆకుపచ్చ తల ఉన్న కిలోమీటరు రాయి మీది అంకె, మధ్యలో 200 మీటర్లకొకటి ఉండే చిన్న రాయి అంకె, గుంత ఏ వైపు ఉందో రాసి, రాయితో సహా ఫోటో జతచేయండి. ఎవరి హద్దో తేలకపోతే ఒకే ఫిర్యాదు ఇద్దరు ఇంజినీర్లకూ పంపండి.

ప్రశ్న: మా అబ్బాయి కర్ణాటక నంబరు బైకు హిందూపురంలో వాడుకోవచ్చా?

జవాబు: వచ్చిపోవడానికి అడ్డులేదు. ఇక్కడే 12 నెలలకు మించి ఉంచితే మాత్రం అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి, ఏపీ నంబరు తీసుకోవాలి.