చేత్తో చేసిన కానుక: అది ఎవరింట్లో, ఎలా ఉతకబడుతుంది?

రాబోయే సంక్రాంతికి పది మంది బంధుమిత్రులకు సొంతంగా అల్లినవీ కుట్టినవీ ఇవ్వాలనుకుంటున్నానని, ఎవరికి ఏది ఇస్తే బీరువాలో దాచిపెట్టకుండా నిజంగా వాడుకుంటారో చెప్పమని మీరు అడిగారు. శ్రీకాకుళంలో ఉంటూ 30 ఏళ్లుగా ఇటువంటివి చేసి పంచిపెడుతున్నదాన్ని. ఎవరికి ఏ రంగు నప్పుతుందో, ఏ డిజైను బాగుంటుందో అన్న ప్రశ్నలకంటే ముందు, వాళ్లింట్లో బట్టలు ఎలా ఉతుకుతారో తెలుసుకోండి అన్నదే నా సమాధానం. ఈ సంగతి నాకు ఒక స్వెట్టరు పోగొట్టుకున్నాక తెలిసింది.

మా మేనల్లుడికి ఢిల్లీలో ఉద్యోగం వచ్చినప్పుడు అసలైన గొర్రె ఊలు తెప్పించి, ముందువైపు జడల అల్లికతో, నాలుగు నెలల పాటు రోజూ సాయంత్రాలు కూర్చుని ఒక స్వెట్టరు అల్లాను. వాడు దాన్ని ఎంతో ఇష్టంగా వేసుకుని, మొదటిసారి మాసిపోగానే జీన్సు ప్యాంట్లతో కలిపి వాషింగ్ మెషీనులో వేసి వేడినీళ్ల మీట నొక్కాడు. బయటికి తీసేసరికి అది మూడేళ్ల పిల్లవాడికి సరిపోయేంతగా ముడుచుకుపోయి, అట్టలా గట్టిపడింది. ఊలు పోగు మీద కంటికి కనపడని పొలుసులు ఉంటాయి. వేడినీరు, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే అవి ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోతాయి, ఆ తరువాత ఎంత లాగినా పాత కొలతకు రావు. తప్పు వాడిది కాదు. చల్లనీటిలో పిండకుండా జాడించి, తీగ మీద వేలాడదీయకుండా తువ్వాలు మీద పరిచి ఆరబెట్టాలని చెప్పవలసినదాన్ని నేనే. మెషీను తప్ప మరొకటి తెలియని ఇంటికి యాక్రిలిక్ ఊలుతో అల్లి ఇవ్వడం మంచిది, అయితే దాని మీద వేడి ఇస్త్రీపెట్టె పెడితే అల్లిక చదునైపోయి చచ్చిపడుతుందని కూడా చెప్పి ఇవ్వాలి.

అసలు మన వైపు ఊలుతో పని ఎంత అన్నది మరో ప్రశ్న. నేను ఆ స్వెట్టరు అల్లుతున్నప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని, "ఓలమ్మా, ఈ ఉక్కలో ఎవులేసుకుంతారే అది!" అని రోజుకొకసారైనా అనేది. సముద్రానికి ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లలో స్వెట్టరు అవసరం ధనుర్మాసంతో మొదలై సంక్రాంతి దాటిన కొద్దిరోజులకే తీరిపోతుంది. సీతంపేట కొండల వైపు ఉన్నవారికీ, ఉత్తరాది ఊళ్లలో ఉద్యోగాలు చేసేవారికీ తప్ప మిగిలినవారికి నూలుదారంతోనే అల్లండి. నరసాపురం ప్రాంతపు ఆడవాళ్లు లేసు అల్లే క్రోషా సూది ఒక్కటి చేతికి అలవాటైతే టీవీ మీద కప్పే గుడ్డ నుంచి చేతిసంచి దాకా నూలుదారంతోనే చేయవచ్చు, ఉతికితే ఊలులా అట్టకట్టే భయం ఉండదు.

ఉతుకు లెక్కన చూస్తే కానుకలన్నింటిలోకీ బొంతను మించినది లేదు. పాత నూలుచీర ఏళ్ల తరబడి నీళ్లలో నాని, ఎండలో ఆరి ఉంటుంది కనుక అందులో గంజి మిగలదు, ఇక కుదించుకుపోయేదీ రంగు దిగేదీ కూడా పెద్దగా ఉండదు. అయిదున్నర మీటర్ల చీరను మూడు సమభాగాలుగా కోస్తే ఒక్కొక్కటీ సుమారు 1.8 మీటర్ల పొడవు వస్తుంది, చీర పన్నా 1.15 మీటర్లు ఉంటుంది కాబట్టి రెండు చీరలతో ఆరు పొరల బొంత, ఒక మనిషి కప్పుకోవడానికి సరిపోయేది, తయారవుతుంది. మొదట్లో నేను ఉత్సాహం కొద్దీ మా వదినకు తొమ్మిది పొరలు వేసి కుట్టాను. పొడిగా ఉన్నంతసేపూ అది పరుపులా బ్రహ్మాండంగానే ఉంది కానీ, తడిశాక ఇద్దరు మనుషులు చెరొక కొస పట్టుకుని మెలితిప్పినా నీరు పూర్తిగా దిగలేదు, ఎండలో రెండు రోజులు వేసినా మధ్య పొరల్లో చెమ్మ పోక ముక్కవాసన వచ్చింది. వదిన మర్యాదకు ఏమీ అనలేదు. ఆ బొంత మాత్రం అటక ఎక్కి మళ్లీ దిగలేదు.

బొంత కుట్టే తీరు కూడా కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది అంచుల దగ్గర మొదలుపెట్టి చివరికి మధ్యలో పొంగులు తెచ్చుకుంటారు. డాబా మీద పొరలన్నీ పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, మధ్య నుంచి బయటికి అరచేత్తో ముడతలు నెట్టాలి. తరువాత పెద్ద పెద్ద టాకాలు కూడా మధ్య నుంచే నాలుగు దిక్కులకూ వేసుకుంటూ పోవాలి. అప్పుడు ఇటుకలు తీసి ఒడిలోకి మడిచి తెచ్చుకున్నా పొరలు జారవు. అసలు కుట్టుకు రెండు పేటల నూలుదారం వాడి, వరుసకూ వరుసకూ మధ్య రెండు వేళ్ల వెడల్పు ఉంచితే ఎన్ని ఉతుకులకైనా లోపలి పొర చిరిగి ఉండకట్టదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు నేను పలాసలో మా చెల్లెలి ఇంట్లో ఉండిపోయాను. రోజుల తరబడి కరెంటు లేదు, కొబ్బరిచెట్లు పడి దారులు మూసుకుపోయాయి, అప్పుడు అరుగు మీద కూర్చుని పగటి వెలుతురులోనే మా అమ్మ చీరలతో ఒక బొంత మొత్తం చేత్తో పూర్తిచేశాను. మోటారు మిషను మీద కుట్టినదానికంటే అదే మెత్తగా ఉందని చెల్లెలు ఇప్పటికీ అంటుంది. ఒకే ఒక్క హెచ్చరిక ఏమిటంటే, అందం కోసం పైపొరగా కొత్త చీర వేయకండి; మొదటి ఉతుకులో పైపొర ఒక్కటే కుదించుకుని బొంతంతా అప్పడంలా ముడుచుకుంటుంది.

కొత్త నూలుగుడ్డతో ఇదే చిక్కు, నేను దీన్ని మా తమ్ముడి లాల్చీతో నేర్చుకున్నాను. పొందూరు వెళ్లి మంచి ఖాదీ తెచ్చాను. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో సన్నగా వడికి నేసిన ఆ గుడ్డను పట్టుకుంటే కోయడానికే మనసొప్పదు. కోసే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరబెట్టవలసి ఉండగా, పండుగ దగ్గరపడిందన్న తొందరలో అలాగే కోసి కుట్టేశాను. మొదటి ఉతుకు తరువాత చేతులు మణికట్టు పైకి పోయాయి. రంగుదారంతో పువ్వులు కుట్టాలనుకుంటే ఆ దారాన్ని కూడా తడిపి తెల్లగుడ్డ మీద రుద్ది చూడండి. ముఖ్యంగా ఎరుపును నమ్మకండి.

పసిపిల్లల విషయం వేరు, అక్కడ ఉతుకు కంటే ముందు ప్రమాదం చూడాలి. అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు ఉంటుంది, అల్లిక సాగుతుంది కాబట్టి టోపీని అంతకంటే రెండు మూడు సెంటీమీటర్లు తగ్గించి అల్లితే సరిగ్గా నిలుస్తుంది. గుండీలు, పూసలు, గడ్డం కింద కట్టే తాళ్లు పెట్టకండి. మేజోళ్ల లోపలివైపు దారాలు వదులుగా వేలాడితే వేళ్లకు చుట్టుకుని రక్తం ఆగిపోయే ప్రమాదం ఉంది, అందుచేత తిరగేసి చూసుకుని ప్రతి కొసనూ అల్లికలోకి దూర్చాలి. ఏడాది నిండని బిడ్డ నిద్రపోయేటప్పుడు వదులుగా ఉండే బొంత కప్పకూడదు, మెలకువగా ఉన్నప్పుడు పెద్దల కళ్లముందు నేల మీద పరచుకోవడానికి అని చెప్పి ఇవ్వండి. బిడ్డ పుట్టకముందే బట్టలు సిద్ధం చేయడం మా పెద్దవాళ్లకు నచ్చదు, కాబట్టి ముందే కుట్టినా నా బీరువాలోనే ఉంచి, పురుడు వెళ్లాక తీసుకువెళతాను.

పది మందికి అన్నారు కాబట్టి సమయం లెక్క కూడా చూసుకోండి. పది సెంటీమీటర్ల చదరపు ముక్క ఒకటి అల్లి, దానికి పట్టిన నిమిషాలను, మొత్తం వస్తువుకు అలాంటి ముక్కలు ఎన్ని పడతాయో ఆ సంఖ్యతో గుణిస్తే ఎవరికి అల్లగలరో, ఎవరికి కుట్టుతో సరిపెట్టాలో తేలిపోతుంది. కొలత తెలియని మనిషికి ఒంటికి అతుక్కునేది ఏదీ కుట్టకండి. అలాంటివారికి నేను పాత జీన్సు ప్యాంట్లతో రైతుబజారు సంచి కుట్టి ఇస్తాను. పిడి అతికే చోట చతురస్రంగా కుట్టి, దాని మధ్యలో గుణకారం గుర్తులా మరో రెండు కుట్లు వేస్తే అయిదు కిలోల ఉల్లిపాయలు వేసినా ఊడిరాదు. నేను ఇచ్చినవాటిలో మళ్లీ కావాలని అడిగించుకున్నవి ఎక్కువగా ఈ సంచులే.

ఇకపోతే మా మేనల్లుడి స్వెట్టరు. అట్టకట్టిన ఊలును ఎటు కోసినా పోగు ఊడిరాదు, వేడి కూడా తొందరగా దాటదు. అందుకని దాన్ని అరచేతికి కొంచెం పెద్దగా ఆరు ముక్కలు కోసి అంచు కుట్టాను. జడల అల్లిక ఇంకా ఆనవాలు తెలుస్తున్న రెండు ముక్కలు వాడి పెళ్లయ్యాక కొత్త కోడలికి ఇచ్చాను, మిగిలిన నాలుగూ మా వంటింట్లో పొయ్యి మీద నుంచి గిన్నెలు దింపే మసిగుడ్డలయ్యాయి.