లైనక్స్ సర్వర్ నుంచి ఎస్ఎంఎస్‌లు పంపడానికి ఏ మోడెమ్ కొనాలి?

గాజువాకలో మీ ఆఫీసు సర్వర్‌కి పెట్టిన యూఎస్‌బీ డాంగిల్ (సిమ్ వేసుకునే చిన్న మోడెమ్) కొన్నాళ్లు బాగానే పనిచేసి ఉన్నట్టుండి మెసేజ్‌లు ఆపేస్తోందని, తీసి మళ్లీ పెడితే గానీ దారికి రావడం లేదని రాశారు. దయచేసి ఇంకో డాంగిల్ కొనకండి. విడిగా పవర్ అడాప్టర్, బయట పెట్టుకునే యాంటెన్నా ఉన్న ఇండస్ట్రియల్ 4జీ మోడెమ్ తీసుకోండి.

నేను ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీలో సర్వర్లు చూస్తాను. గది మైనస్ 18 డిగ్రీల కంటే వేడెక్కితే సూపర్‌వైజర్ ఫోన్‌కి వెంటనే మెసేజ్ వెళ్లాలి, లేకపోతే సరుకు పోతుంది. కరెంట్ పోయినప్పుడే బ్రాడ్‌బ్యాండ్ కూడా పోతుంది కాబట్టి ఇంటర్నెట్ మీద నడిచే ఎస్ఎంఎస్ సర్వీసు మాకు పనికిరాదు. మోడెమ్, సర్వర్ రెండూ ఒకే యూపీఎస్ మీద ఉంటాయి.

మీ డాంగిల్ ఆగిపోవడానికి కారణం చాలావరకు పోర్టు ఇచ్చే కరెంట్ చాలకపోవడమే. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. 2జీలో మెసేజ్ పంపే క్షణంలో రేడియో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. 4జీలో ఇంత ఉండదు గానీ, సిగ్నల్ తగ్గితే మోడెమ్ 2జీకి దిగిపోతుంది. వోల్టేజ్ పడిపోయి డాంగిల్ రీసెట్ అవుతుంది. మళ్లీ లేచేసరికి లైనక్స్‌లో దాని పోర్టు పేరు టీటీవైయూఎస్‌బీ0 కాస్తా టీటీవైయూఎస్‌బీ3 అయిపోతుంది. మీ ప్రోగ్రామ్ మాత్రం పాత పేరునే పట్టుకుని ఉంటుంది. కెర్నల్ లాగ్ చూడండి, డిస్‌కనెక్ట్ అయినట్టు అక్కడ కనిపిస్తుంది. పోర్టు పేరు నేరుగా రాయకుండా, లైనక్స్‌లో పరికరాలకు పేర్లు పెట్టే యూడెవ్‌లో ఒక రూల్ రాసి స్థిరమైన పేరు ఇవ్వండి. మోడెమ్ మేనేజర్ సర్వీసు ఆపేయండి, అది పోర్టును లాక్కుంటుంది. మెసేజ్‌లు పంపే ప్రోగ్రామ్‌గా ఎస్ఎంఎస్ టూల్స్ గానీ గామ్ము గానీ సరిపోతుంది.

సిమ్‌కామ్ 7600, క్వెక్టెల్ ఈసీ25 చిప్‌లతో వచ్చే మోడెమ్‌లు లైనక్స్‌తో బాగా కలుస్తాయి. ఇవి ఒక్కో దేశానికి ఒక్కో రకం వస్తాయి కాబట్టి మన దగ్గర వాడే 3, 5, 8, 40 బ్యాండ్లు (4జీ ఫ్రీక్వెన్సీలు) ఉన్నాయో లేదో స్పెసిఫికేషన్‌లో చూసుకోండి. చవగ్గా దొరికే సిమ్ 800 చిప్ 2జీ మాత్రమే, జియోకి 2జీ లేదు కాబట్టి అందులో జియో సిమ్ అసలు పనిచేయదు. 4జీ మోడెమ్‌లో కూడా జియోతో జాగ్రత్త. ఆ నెట్‌వర్క్‌లో ఎస్ఎంఎస్ ఐఎంఎస్ అనే, 4జీ డేటా మీద నడిచే వ్యవస్థ మీదుగా వెళ్తుంది. మోడెమ్ ఫర్మ్‌వేర్‌లో అది సరిగా లేకపోతే నెట్ వస్తుంది, మెసేజ్ కదలదు. 2జీ ఇంకా నడుపుతున్న ఆపరేటర్ సిమ్ అయితే ఈ టెన్షన్ ఉండదు.

యాంటెన్నా సంగతి తేలిగ్గా తీసుకోకండి. మా గోడలకి రేకు తొడిగిన పఫ్ ప్యానెళ్లు (చల్లదనం పోకుండా నురుగు నింపిన పలకలు) ఉంటాయి, లోపల సిగ్నల్ దాదాపు ఉండదు. మోడెమ్‌కి ఏటీ+సీఎస్‌క్యూ కమాండ్ ఇస్తే 0 నుంచి 31 వరకు ఒక అంకె వస్తుంది, అది ఎంత ఎక్కువైతే సిగ్నల్ అంత బాగున్నట్టు. లోపల 7 వచ్చేది, యాంటెన్నా బయట గోడకి బిగించాక 19 వచ్చింది. మన సముద్రపు గాలికి కనెక్టర్ తుప్పు పట్టడానికి ఎన్నాళ్లో పట్టదు. జాయింట్ చుట్టూ తనకు తానే అతుక్కునే రబ్బర్ టేప్ గట్టిగా చుట్టండి.

మెసేజ్ తెలుగులో పంపితే ఒక ఎస్ఎంఎస్‌లో 70 అక్షరాలే పడతాయి, ఇంగ్లిష్‌లో 160. గుణింతం గుర్తులు కూడా విడిగా లెక్కలోకి వస్తాయి. చాలా ప్లాన్లలో రోజుకి 100 మెసేజ్‌లే ఉంటాయి, కాబట్టి అలారం ఒకటే పదేపదే పోకుండా ప్రోగ్రామ్‌లో ఆపాలి. ఇదంతా మీ సొంత సిబ్బందికి పంపే అలర్ట్‌ల వరకే. కస్టమర్లకి పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం, టెలికాం ఆపరేటర్లు నడిపే డీఎల్‌టీ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకునే పంపాలి.

రోజూ ఉదయం సర్వర్ నుంచి సూపర్‌వైజర్‌కి ఒక టెస్ట్ మెసేజ్ వెళ్లేలా పెట్టాను. రాకపోతే ఆయన నాకు ఫోన్ చేస్తారు. అలా బయటపడిన వాటిలో ఎక్కువసార్లు మోడెమ్ బాగానే ఉంది, సిమ్ వ్యాలిడిటీ అయిపోయింది. అందుకే ఇప్పుడు ఏడాది ప్లాన్ వేయిస్తున్నాను. మీరూ అదే వేయించండి.