క్రిస్మస్ కానుకలకు ఎంత పెట్టాలి?

ప్రశ్న: మాది కాజీపేట. పోయినేడు క్రిస్మస్‌కి ఇద్దరు పిల్లలకు బట్టలు, బొమ్మలు కలిపి 9 వేలు అయ్యాయి, ఆ చేబదులు ఫిబ్రవరిలో గానీ తీరలేదు. ఈసారి పెద్దోడు 6 వేల రిమోట్ కారు కావాలంటున్నాడు. కాదంటే చిన్నబుచ్చుకుంటాడని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అప్పు చేసి మాత్రం కొనకండమ్మా. ముందు కొత్త బట్టలు తీయండి, ఎందుకంటే 24 రాత్రి ఫాతిమానగర్ చర్చిలో తోటి పిల్లలంతా కొత్తవి వేసుకొస్తే పాత చొక్కాతో నిలబడడం వాళ్లకు నిజంగా కష్టం. మిగిలినదాంట్లో తలా ఒక బొమ్మ చాలు. ఇంతే ఉందని పిల్లాడికి ఇప్పుడే చెప్పేయండి, మనం అనుకున్నదానికన్నా వాళ్లకు బాగా అర్థమవుతుంది. కారు కోసం జనవరి నుంచి నెలకు 500 వాడి చేతులతోనే డబ్బాలో వేయించండి, వచ్చే డిసెంబర్‌కి 6 వేలు అవుతాయి. స్టార్ కూడా కొత్తది వద్దు, అటక మీదిది దించి బల్బు మార్చండి.