స్నేహం మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది మా అమ్మాయి, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. ప్లేస్‌మెంట్లు వద్దు, అమెరికాలో సోషల్ న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. తనకు నచ్చిన ల్యాబ్‌ల వివరాలు చూపించింది. ఒక్కో ల్యాబ్‌లో పదిహేను, ఇరవై మంది పేర్లున్నాయి. పేరు పక్కన ‘ఎంపతీ’ (సహానుభూతి) అని ఒకరికి, ‘ఒంటరితనం’ అని ఇంకొకరికి, ‘స్నేహం’ అని మరొకరికి రాసి ఉంది. మెదడంటే డాక్టర్ల పని కదా? ఇంతమందిలో ఎవరికి రాయాలి? ఖర్చు ఎంతవుతుందో అని టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: జబ్బులు నయం చేసే న్యూరాలజిస్టులు వేరు, మనుషుల మధ్య సంబంధాల్లో మెదడు ఎలా పనిచేస్తుందో చూసే ఈ సోషల్ న్యూరోసైన్స్ వాళ్లు వేరు సార్. ఈ ల్యాబ్‌లు చాలావరకు సైకాలజీ విభాగాల్లో ఉంటాయి. ఎంబీబీఎస్ అక్కర్లేదు.

స్నేహం మీద ఏం పరిశోధన చేస్తారని మీకు అనిపించే ఉంటుంది. అమెరికాలోని డార్ట్‌మౌత్ కాలేజీలో జరిగిన ఒక ప్రయోగం చెబుతాను. 279 మంది ఉన్న ఒక పీజీ బ్యాచ్‌లో ఎవరికి ఎవరు స్నేహితులో ముందు రాబట్టారు. వాళ్లలో 42 మందికి ఎంఆర్ఐ స్కానర్‌లో ఒకే వరుసలో కొన్ని వీడియోలు చూపించారు. స్నేహితుల మెదళ్లు ఆ వీడియోలకు చాలావరకు ఒకే తీరుగా స్పందించాయి. స్నేహితుడి స్నేహితుడి దగ్గరికి వచ్చేసరికి ఆ పోలిక తగ్గింది. 2018లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో అచ్చయిన ఆ పేపర్‌కు మొదటి రచయిత కరోలిన్ పార్కిన్సన్. తర్వాత ఆమె లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూసీఎల్‌ఏ)లో సొంత ల్యాబ్ పెట్టారు. ఒకే తీరు వాళ్లే స్నేహితులవుతారా, స్నేహం కుదిరాక ఒకే తీరు అవుతారా అన్నది మాత్రం ఆ ప్రయోగంతో తేలలేదు. అలా తేలని ప్రశ్నను పట్టుకుని ఐదారేళ్లు కూర్చునే ఓపిక తనకుందా అని మీ అమ్మాయినే అడగండి. కోడింగ్ గురించి మీకు బెంగ వద్దు. ఆ పనిలో నెట్‌వర్క్ లెక్కలూ ప్రోగ్రామింగూ చాలానే ఉంటాయి. సీఎస్‌ఈ చదివిన పిల్లలకు అక్కడ గిరాకీ ఉంది.

ఇక ఆ పేర్ల సంగతి. పేరు పక్కన రాసిన ఆసక్తిని చూసి ల్యాబ్‌ను ఎంచుకోవద్దని మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి. ఒకే మాట కింద వేర్వేరు పనులు నడుస్తాయి. ‘ఎంపతీ’నే తీసుకోండి. 2004లో టానియా సింగర్ బృందం లండన్‌లో భార్యాభర్తలను, ప్రేమికులను పిలిచి, తన జోడీకి కరెంటు షాక్ తగిలినప్పుడు ఆడవాళ్ల మెదడులో ఏం జరుగుతోందో చూసింది. అది ఎదుటివాళ్ల నొప్పిని మనం అనుభవించడం గురించి. ఎంఐటీలో రెబెకా సాక్స్ ల్యాబ్‌కు పేరు తెచ్చినది ఇంకో ప్రశ్న: ఎదుటివాళ్లు ఏమనుకుంటున్నారో మనం ఎలా ఊహిస్తాం, అప్పుడు మెదడులో ఏ భాగం పనిచేస్తుంది? బయటివాళ్లకు రెండూ ఒకటే అనిపిస్తాయి. లోపల ప్రయోగాలు వేరు, చదవాల్సినవి వేరు.

అందుకని ఆ ల్యాబ్ నుంచి ఈ మూడు నాలుగేళ్లలో వచ్చిన పేపర్లు తీయమనండి. ఈ రంగంలో సాధారణంగా చివరి పేరు ల్యాబ్ హెడ్‌ది, మొదటి పేరు పని చేసిన విద్యార్థిదో, పీహెచ్‌డీ అయ్యాక అక్కడ పరిశోధన చేసే పోస్ట్‌డాక్‌దో. విద్యార్థుల పేర్లు ముందు కనిపించే ల్యాబ్ మంచిది. అన్నిటికీ పోస్ట్‌డాక్‌ల పేర్లే ముందుంటే కొంచెం ఆలోచించాలి. వెళ్లిపోయిన పాతవాళ్ల జాబితా చాలామంది చూడరు. నేనైతే మొదట అదే చూస్తాను. కొందరు ప్రొఫెసర్లయి ఉంటారు, కొందరు టెక్ కంపెనీల్లో యూజర్ రీసెర్చ్‌లోనో డేటా సైన్స్‌లోనో ఉంటారు. ‘తర్వాత ఉద్యోగం ఏమిటి’ అన్న మీ భయానికి జవాబు అక్కడే దొరుకుతుంది.

‘ల్యాబ్ మేనేజర్’ అని ఒక పేరుంటుంది, చూసే ఉంటారు. అది డిగ్రీ అయ్యాక, పీహెచ్‌డీకి ముందు ఒకటి రెండేళ్లు చేసే జీతం ఉద్యోగం. అక్కడి పిల్లలకు బాగా అచ్చొచ్చిన దారి. మన దేశం నుంచి నేరుగా వెళ్లేవాళ్లకు వీసా చిక్కు వల్ల అది దొరకడం కష్టం. దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఖర్చు విషయంలో మీరు అనుకున్నంత భయం లేదు. అమెరికాలో ఇలాంటి పరిశోధనకు సంబంధించిన పీహెచ్‌డీ సీటు ఇస్తే సాధారణంగా ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. లాస్ ఏంజెలెస్ లాంటి చోట అది ఇంటి అద్దెకే చాలా వరకు పోతుంది, అది వేరే కథ. నాలుగేళ్ల బీటెక్‌తో నేరుగా అప్లై చేయొచ్చు కాబట్టి, దీనికోసం అప్పు చేసి ముందుగా ఎమ్మెస్ చేయించాలని ఏ కన్సల్టెన్సీ చెప్పినా నమ్మకండి. సీట్లు మాత్రం చాలా తక్కువ. ఒక ల్యాబ్ ఏడాదికి ఒకరిని తీసుకోవచ్చు, ఒక్కోసారి ఎవరినీ తీసుకోదు. అందుకే ప్లేస్‌మెంట్లు వదిలేయడం నాకు నచ్చలేదు. కూర్చోమనండి. ఉద్యోగం చేస్తూ అప్లై చేసినా అడ్డేమీ లేదు.

ఈలోగా తన చేతిలో ఉన్న పని చాలానే ఉంది. డార్ట్‌మౌత్‌కే చెందిన ల్యూక్ చాంగ్ పెట్టిన ‘డార్ట్‌బ్రెయిన్స్’ కోర్సు ఉచితం. మెదడు స్కాన్ డేటాను పైథాన్‌తో ఎలా విశ్లేషించాలో అందులో నేర్పుతారు. ‘ఓపెన్‌న్యూరో’ వెబ్‌సైట్‌లో అసలు స్కాన్ డేటా కూడా ఉచితమే. ఫైనలియర్ ప్రాజెక్టు దాని మీదే చేస్తే రెండు పనులూ ఒకేసారి అవుతాయి. హైదరాబాద్‌లోనే సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ ఉంది, ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది. వేసవిలో అక్కడ ఇంటర్న్‌షిప్ అడగమనండి. పరిశోధన చేయించిన మాస్టారు రాసిన రికమెండేషన్ లెటర్‌కు ఉన్న విలువ క్లాసులో పాఠం చెప్పినవారి లెటర్‌కు ఉండదు.

ఎవరికి రాయాలన్నారు. సీటు గురించి ల్యాబ్ హెడ్‌కే రాయాలి, అదీ సెప్టెంబరు, అక్టోబరుల్లో. చాలాచోట్ల దరఖాస్తు గడువు డిసెంబరులో ముగుస్తుంది. ‘మీ పరిశోధన అద్భుతం’ అనే మెయిల్‌ను ఎవరూ చదవరు. తను చదివిన ఒక పేపర్, అందులో తనకు వచ్చిన ఒక సందేహం, తను చేసిన ప్రాజెక్టు, వచ్చే ఏడాది విద్యార్థులను తీసుకుంటున్నారా అన్న ప్రశ్న. ఇవి పది లైన్లలో రావాలి. ల్యాబ్ హెడ్ మనస్తత్వం, పని ఒత్తిడి లాంటివి ఆయన్నో ఆమెనో అడగలేం కదా, అక్కడి పీహెచ్‌డీ పిల్లలకు విడిగా రాయమనండి, చాలామంది దాచుకోకుండా చెబుతారు. రెండు వారాల్లో హెడ్ నుంచి జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయొచ్చు. మూడో మెయిల్ పెట్టొద్దు.