వడి జింకదా, మందదా?

సందేహం: హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ప్రకృతి వరణం (బతకగలిగినవి మిగిలి సంతతిని పెంచుకోవడం) పాఠంలో 'వడిగల జింకల మంద' అని బోర్డు మీద రాస్తే ఒక అమ్మాయి లేచి "వడి జింకలకా సార్, మందకా?" అంది. ఏదైనా ఒకటేగా అన్నాను. ఒకటేనా? 'తేనెటీగ తన జాతి కోసం ప్రాణమిస్తుంది' అనే వాక్యంలో తప్పేమైనా ఉందా? ఒక్క తేనెటీగను 'వ్యక్తి' అనవచ్చా?

సమాధానం: ఒకటి కాదండీ. ఆ అమ్మాయి అడిగింది వ్యాకరణం ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, జీవశాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కొట్లాడుకున్నది దాని గురించే.

'పాత పుస్తకాల కొట్టు' అంటే ఎవరికైనా పాత పుస్తకాలు అమ్మే కొట్టే తడుతుంది. కొట్టు నిన్న తెరిచిందైనా సరే. విశేషణం మామూలుగా పక్కనున్న నామవాచకాన్నే పట్టుకుంటుంది. అయితే ఇది మొగ్గు మాత్రమే, నియమం కాదు. 'రేషన్ షాపు ముందు పొడుగాటి మనుషుల బారు' అన్నామనుకోండి. పొడుగు మనుషుల్ని దాటి వెళ్లి బారుకు అంటుకుంటుంది. నిలబడ్డవాళ్లంతా పొట్టివాళ్లయినా బారు పొడుగే! ఆ పొడుగు ఏ ఒక్క మనిషిదీ కాదు, అచ్చంగా బారుదే.

ఇప్పుడు జింకల దగ్గరికి వద్దాం. 1966లో అమెరికన్ జీవశాస్త్రవేత్త జార్జ్ విలియమ్స్ సరిగ్గా ఈ జింకల ఉదాహరణే తీసుకున్నాడు. వడిగల జింకలు ఉన్న మంద వేరు, మందగానే వడిగలది కావడం వేరు అన్నాడు. ఇంగ్లీషులో విశేషణాన్ని మంద ముందు పెడితే ఒక అర్థం, జింక ముందు పెడితే ఇంకో అర్థం. మనకు రెండూ 'వడిగల జింకల మంద' గానే దిగుతాయి. చిక్కంతా అక్కడే.

నెమ్మదిగా పరిగెత్తే జింక తోడేలు నోట పడుతుంది. వడిగలది తప్పించుకుని పిల్లల్ని కంటుంది. తరాలు గడిచేసరికి మందలో అన్నీ వడిగలవే మిగులుతాయి. మంద కూడా వేగంగానే కదులుతుంది, కానీ ఆ వేగం విడివిడి జింకల వేగాలు కూడితే వచ్చిన లెక్క. ఇక్కడ వడి జింకదే. అంతకు నాలుగేళ్ల ముందు, 1962లో, వైన్-ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త పక్షులు గుంపు మేలు కోరి తమ సంతానాన్ని తామే తగ్గించుకుంటాయని వాదించాడు. విడి జీవి లాభంతోనే తేలిపోయే చోట గుంపును లాక్కురావద్దు అన్నది విలియమ్స్ మాట.

అలాగని గుంపు గుణం ఒట్టిమాట అనుకోకండి. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో విలియం మ్యూర్ కోళ్లతో చేసిన ప్రయోగం ఉంది. ఒకే బోనులో పక్కకోళ్లను పొడిచి తాను ఎక్కువ గుడ్లు పెట్టే కోడిని మేలుజాతి అనుకుని పెంచితే, దాని పిల్లలూ పొడుస్తాయి. ఆయన కోడిని చూడలేదు, బోను చూశాడు. బాగా గుడ్లొచ్చిన బోనులోని కోళ్లను గంపగుత్తగా తీసుకుని తర్వాతి తరానికి వాడాడు. కొన్ని తరాలకే చావులు తగ్గాయి, గుడ్లు పెరిగాయి. ఇది 'ఎక్కువ గుడ్లు పెట్టే కోళ్ల బోను' కాదు, 'ఎక్కువ గుడ్లొచ్చే బోను'. (ఇక్కడ ఏరింది మనిషి. కాబట్టి 'వరణం' (ఏరుకోవడం) అనే మాట కూడా హాయిగా అతుకుతుంది. ప్రకృతి విషయంలో వరించేవారెవరూ లేరు, అలవాటైపోయింది కాబట్టి వాడుకుంటున్నాం.)

కాబట్టి మీరు చెప్పదలిచింది మొదటి అర్థమైతే 'వడిగల జింకలున్న మంద' అని రాయండి. రెండోదైతే విశేషణాన్ని ముందు పెట్టకుండా వాక్యం చివరికి తెచ్చి 'ఆ వడి మందది' అనేయండి.

ఇక 'జాతి కోసం'. అందులో రెండు తప్పులున్నాయి. కూలి తేనెటీగ మనిషిని కుడితే ముల్లు చర్మంలో దిగబడిపోయి అది చస్తుంది, నిజమే. కానీ కాపాడేది తన తేనెపట్టును, జాతిని కాదు. అదను దొరికితే తన జాతివే అయిన పక్క పట్టులోని తేనెను దోచుకొస్తుంది కూడా. రెండో తప్పు 'కోసం'లో ఉంది. 'పిల్లల కోసం కష్టపడుతున్నాడు' అంటే మనసులో ఉద్దేశం ఉన్నట్టు. ఈగకు ఆ ఉద్దేశం అంటగట్టలేం. 'అలా కుట్టే ఈగలున్న పట్లు నిలిచాయి, అందువల్ల ఆ గుణమూ నిలిచింది' అంటే సరి. ప్రకృతి వరణం గురించి రాసేటప్పుడు 'కోసం' అని కలం సాగితే, 'వల్ల'తో వాక్యం తిరగరాసి చూడండి. సగం సార్లు వాక్యం కూలిపోతుంది. పిల్లలు పెట్టని కూలి ఈగల సంగతిలో వరణం కుటుంబానికీ వర్తిస్తుందని 1859లోనే డార్విన్ రాశాడు. 1964లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త హామిల్టన్ దాన్ని రక్తసంబంధపు లెక్కలతో తేల్చాడు.

'వ్యక్తి' విషయం చిన్నదే. తర్కశాస్త్రంలో జాతి, వ్యక్తి అని జంటగా వాడతారు. అక్కడ ఒక్క ఆవు కూడా వ్యక్తే. కానీ వాడుక తెలుగులో వ్యక్తి అంటే మనిషే. 'ఒక వ్యక్తి కుట్టింది' అని రాస్తే పిల్లలు దర్జీని ఊహించుకుంటారు. 'విడి జీవి' అనండి, లేదా 'ఒక్కో తేనెటీగ' అంటే చాలు.